ఎఫ్‌సీ కంటపడని తుప్పు

కైకలూరు, ముదినేపల్లి చెరువుల్లో పట్టుబడి అయిన చేప ఎక్కడికి చేరాలన్నా ముందు ఎక్కేది పికప్ వ్యానే. నాగాయలంక రొయ్య అయినా, అవనిగడ్డ అరటి గెల అయినా, మొవ్వ దగ్గరి ధాన్యం బస్తా అయినా అంతే. డెల్టా సరుకు పెద్ద లారీ మొహం చూసేలోపు గట్ల మీద, కాలవ రోడ్ల మీద దాన్ని మోసేవి ఈ చిన్న బండ్లే. వీటిలో డ్రైవరు చేతికీ ముందు చక్రాలకూ మధ్య ఒక ఇనప కడ్డీ ఉంటుంది. కొందరు స్టీరింగ్ రాడ్డు అంటారు, కొందరు షాఫ్టు అంటారు. బ్రేకు పోతే గేరు తగ్గించవచ్చు, హ్యాండ్ బ్రేకు లాగవచ్చు. ఇంజను పోతే బండి తనంతట తానే ఆగుతుంది. ఈ కడ్డీ తెగితే మాత్రం డ్రైవరు చెయ్యగలిగింది దాదాపు ఏమీ ఉండదు. అలాంటి భాగం తుప్పు పట్టిందని తెలిసినా ఆయిలు కొట్టి నెట్టుకొస్తున్నాం, లేదంటే గ్యాసుతో కాల్చి, కోసి, అతుకు వేసి మళ్లీ రోడ్డెక్కిస్తున్నాం. చెయ్యాల్సిన పని విప్పి కొత్తది వెయ్యడం. ఇది ఓనరు పొదుపుకో, మెకానిక్కు పనితనానికో వదిలేయదగ్గ సంగతి కాదు. అసలు మన ఫిట్‌నెస్ పరీక్షే (ఎఫ్‌సీ) ఈ తుప్పును పట్టుకునే తీరులో లేదు. కృష్ణా డెల్టా లాంటి ఉప్పు నేలల్లో దాన్ని మార్చి తీరాలి.

ముందుగా ఆ కడ్డీ ఏం చేస్తుందో చూడాలి. స్టీరింగ్ చక్రం కింద ఉండే కాలమ్ క్యాబిన్‌కు బిగించి ఉంటుంది. చక్రాలను తిప్పే స్టీరింగ్ బాక్సు, కొన్ని బండ్లలో ర్యాకు, ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. పికప్‌లో క్యాబిన్ ఛాసిస్ మీద రబ్బరు బుష్షులపై కూర్చుంటుంది కాబట్టి గతుకు తగిలినప్పుడల్లా ఈ రెండూ విడివిడిగా కాస్త కదులుతాయి. ఆ కదలికను ఇముడ్చుకోవడానికే మధ్య షాఫ్టును రెండు ముక్కలుగా, ఒకదానిలో ఒకటి జారేలా చేస్తారు. జారే చోట నిలువు పళ్లు ఉంటాయి. తిప్పినప్పుడు రెండు ముక్కలూ కలిసి తిరుగుతాయి, లాగితే నిడివి పెరుగుతుంది, నొక్కితే తగ్గుతుంది. రెండు కొసల్లో కోణం మార్చేందుకు క్రాసులు, వాటి కప్పుల్లో సూదులంత సన్నని రోలర్లు ఉంటాయి. కింది కొసనున్న యోకును బాక్సు నుంచి వచ్చే పళ్ల మొన మీద తొడిగి ఒకే ఒక్క బోల్టుతో బిగిస్తారు. ఎదురుగా ఏదైనా గుద్దుకున్నప్పుడు చాలా బండ్లలో ఇదే షాఫ్టు లోపలికి ముడుచుకుని, చక్రం డ్రైవరు ఛాతీ మీదికి దూసుకురాకుండా చూస్తుంది. అంటే ఈ కడ్డీ తిరగాలి, కోణం మారాలి, జారాలి, అవసరం వస్తే ముడుచుకోవాలి. తుప్పు మొదట చివరి మూడు పనులనూ చప్పుడు లేకుండా ఆపేస్తుంది. తిరగడం ఒక్కటే మిగులుతుంది. తిరుగుతోంది కదా అని బండి నడుస్తూనే ఉంటుంది.

డెల్టాలో ఈ తుప్పుకు కారణాలు ఒకటి కాదు. బందరు, కోడూరు, కృత్తివెన్ను వైపు గాలిలోనే ఉప్పు ఉంది. ఆ గాలి కంటే ఎక్కువ ఉప్పు బండి తానే మోస్తుంది. చేపల ట్రేల్లో ఐసు కరిగిన నీరు బాడీ పలకల సందుల్లోంచి ఛాసిస్ మీదికి కారుతూ ఉంటుంది. చెరువుల్లో చల్లడానికి చినగంజాం కొటార్ల నుంచి వచ్చే కల్లుప్పు, బ్లీచింగ్ పౌడరు, పొలాలకు వెళ్లే పొటాష్ బస్తాలు ఇవే బండ్లలో వెళతాయి. పొటాష్ అని మనం కొనేది ఎక్కువగా పొటాషియం క్లోరైడ్, అదీ ఒక ఉప్పే. ఇనుము మీద ఏర్పడే తుప్పు పొర కిందికి క్లోరైడు చొరబడి లోపలి లోహాన్ని తినడం మొదలుపెడితే అది పైపైన ఆగదు. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. వెంట్రుకవాసి ఖాళీతో జారాల్సిన పళ్ల మధ్య అది నిండితే రెండు ముక్కలూ ఒకే కడ్డీగా పట్టేస్తాయి. షాఫ్టు కింది సగం ఉండేది కుడి చక్రం బురద ఎగజిమ్మే చోటనే. దాన్ని కప్పే రబ్బరు బూటు చిరిగితే చెరువు గట్టు మీది ఒండ్రు అంతా అందులో చేరి, ఎండాకాలం దాకా తడి పట్టుకుని ఉంటుంది. బండిని వాటర్ సర్వీసింగ్ చేయించినా ఆ ప్రెజరు నీరు తగిలేది బాడీకి, టైర్లకే. ఈ మూలకు నీటి గొట్టం చేరదు, చేరినా ఆ తర్వాత గ్రీజు పెట్టేవారు ఉండరు.

వీటన్నిటి మీదా 2024 సెప్టెంబరు మొదటి వారంలో వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ రోజుల్లోనే బుడమేరు వాగు గట్లు తెగి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, జక్కంపూడి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అక్కడి వీధుల్లో నిలిపి ఉంచిన ఆటోలు, వ్యాన్లు, పికప్‌లు అదే మురుగు నీళ్లలో మునిగాయి. నీళ్లు తీశాక జనం సహజంగానే ఇంజను, గేరు బాక్సు, వైరింగు చూసుకున్నారు. ఇంజను ఆయిలు మార్చితే బండి స్టార్టవుతుంది, స్టార్టయితే కిరాయి దొరుకుతుంది. స్టీరింగ్ షాఫ్టు క్రాసుల కప్పుల్లోకి దిగిన ఒండ్రు గురించి అడిగేవాళ్లు లేరు. దాని ఫలితం ఆ నెలలో కనపడేది కాదు. రోలర్ల చుట్టూ ఉన్న గ్రీజును కడిగేసిన నీరు నెలలూ ఏళ్లూ గడిచాక పని చేస్తుంది. ఇన్సూరెన్సు సొమ్ము ఎప్పుడో ఖర్చయిపోయాక, కొన్ని బండ్లు చేతులు మారాక, అసలు సమస్య బయటపడుతుంది.

ఇప్పుడు ఎఫ్‌సీ సంగతి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వ నిబంధన స్టీరింగ్ గురించి చెబుతుంది. స్టీరింగ్ చక్రం మీద ఖాళీ ఆట 30 డిగ్రీలు మించకూడదని, జాయింట్లకు రబ్బరు కప్పులు ఉండాలని, బోల్టులు ఊడిపోకుండా లాకై ఉండాలని అందులో ఉంది. ఆచరణలో ఈ నిబంధన చక్రాన్ని అటూ ఇటూ ఆడించి లూజు చూడటం దగ్గరే ఆగిపోతుంది. అరిగిపోయిన స్టీరింగ్‌కు ఇది మంచి పరీక్షే. తుప్పు పట్టినదానికి మాత్రం పూర్తిగా తలకిందుల పరీక్ష. తుప్పు మొదట లూజు తేదు, బిగుతు తెస్తుంది. పళ్లు పట్టేసి, క్రాసు బిగుసుకుపోయిన షాఫ్టులో ఆట కొత్త బండి కంటే తక్కువ ఉంటుంది. బ్రేకు ఇనస్పెక్టరు చక్రం ఆడించి చూస్తే అది మంచి మార్కులతో పాసవుతుంది. జ్వరం లేదు కాబట్టి గుండె బాగుందని చెప్పడం లాంటిదే ఇది. బిగుసుకున్న క్రాసులో రోలర్లు తిరగడం మాని ఒకే చోట నలుగుతూ ఎర్రని పొడి అవుతాయి. అప్పుడు గానీ లూజు రాదు. ఆ లూజుకూ విరుపుకూ మధ్య ఎంత గడువుంటుందో ఎవరూ చెప్పలేరు. ఎనిమిదేళ్లు దాటని రవాణా బండికి రెండేళ్లకోసారి, దాటినదానికి ఏడాదికోసారి ఎఫ్‌సీ. ఆ మధ్య కాలంలో ఈ మార్పు మొత్తం జరిగిపోవచ్చు.

బిగుతును గుర్తు పట్టే ఉపాయాలు లేక కాదు. డ్రైవరు చేతికి అవి ముందే తెలుస్తాయి. మలుపు తిరిగాక చక్రం తనంతట తాను సూటిగా రాదు. ఒక చుట్టు తిప్పితే రెండు చోట్ల బరువుగా, రెండు చోట్ల తేలిగ్గా ఉంటుంది. గతుకులో క్యాబిన్ ఊగితే కాళ్ల దగ్గర కిర్రుమంటుంది. ఇవి చెప్పగానే మన దగ్గర ముందు టైర్లలో గాలి చూస్తారు, తర్వాత అలైన్‌మెంటు చేయిస్తారు, తర్వాత పవర్ స్టీరింగ్ పంపు మీద పడతారు. షాఫ్టు వంతు చివర్లో వస్తుంది. అప్పటికి అది విప్పడానికి లొంగదు, మెకానిక్కు గ్యాసు కట్టరు అందుకుంటాడు.

విప్పే పని ఎలా జరగాలో వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తప్పు ఎక్కువగా అక్కడే జరుగుతోంది. ముందు చక్రాలు సూటిగా పెట్టి, స్టీరింగ్ చక్రం తిరగకుండా కట్టేయాలి. ఎయిర్‌బ్యాగు ఉన్న బండిలో కింద షాఫ్టు ఊడదీశాక పైన చక్రం చుట్టూ తిరిగితే లోపలి వైరు చుట్ట తెగిపోతుంది. బ్యాటరీ తీసెయ్యాలి. యోకు, మొన ఏ పన్ను దగ్గర కలిశాయో గుర్తు పెట్టుకోవాలి. వైరు బ్రష్షుతో తుప్పు గీకి, రస్టు ఆయిలు కొట్టి, తొందరపడకుండా నాననివ్వాలి. వీలైతే రాత్రంతా. బిగింపు బోల్టును వదులు చేస్తే సరిపోదు, పూర్తిగా బయటికి లాగాలి. చాలా బండ్లలో ఆ బోల్టు మొన మీది గాడిలో కూర్చుంటుంది, అది ఉండగా యోకు ఎంత లాగినా రాదు. ఇక్కడే సుత్తి దెబ్బలు మొదలవుతాయి. ఆ దెబ్బ యోకు దగ్గర ఆగదు. కింద బాక్సు లోపలి బేరింగుకూ, పైన ముడుచుకునేలా చేసిన కాలమ్‌కూ చేరుతుంది. దానికి బదులు యోకు చీలికలో ఉలి మొన పెట్టి కాస్త తెరిచి, జారే భాగాన్ని పైకి నెట్టి, మెల్లగా ఊపుతూ తీయాలి. మంట పెడితే బాక్సు సీలు మాడుతుంది, ఉక్కుకు ఫ్యాక్టరీలో ఇచ్చిన గట్టిదనం పోతుంది. కొత్త షాఫ్టు వేసేటప్పుడు గుర్తు పెట్టిన పన్ను దగ్గరే కలపాలి, రెండు క్రాసుల యోకులూ కంపెనీ చెప్పిన వరసలో ఉండాలి. బోల్టు, నట్టు కొత్తవి వేసి, టార్క్ పానాతో మాన్యువల్‌లో చెప్పినంతే బిగించాలి. చివరగా రబ్బరు బూటు. యాభై పైసల వాషరు కోసం వెతికే శ్రద్ధ ఈ బూటు దగ్గర చూపిస్తే మళ్లీ ఇదే పని చాలా ఏళ్ల దాకా రాదు.

దీని బదులు మన దగ్గర మామూలుగా జరిగేది మధ్యలో కోసి, పైపు తొడిగి, చుట్టూ వెల్డింగ్ చెయ్యడం. బయటికి అది పాతదానికంటే లావుగా, బలంగా కనపడుతుంది. మూడు కారణాల వల్ల అది బలం కాదు. ఒకటి, షాఫ్టు పనిచేసేది ఎప్పుడూ అటూ ఇటూ మెలితిరిగే ఒత్తిడిలో. వెల్డింగ్ అంచున వేడికి పెళుసెక్కిన ఉక్కులో సన్నని పగులు పుట్టేదీ, రోజూ కొంచెం పెరిగేదీ ఇలాంటి ఒత్తిడిలోనే. రెండు, జారాల్సిన చోట అతికేస్తే క్యాబిన్ ఊగిన ప్రతిసారీ ఆ తోపుడు క్రాసుల మీద, కాలమ్ బేరింగు మీద పడుతుంది. మూడు, గుద్దుకున్నప్పుడు ముడుచుకోవాల్సిన కడ్డీ ఇక ముడుచుకోదు, డ్రైవరు వైపు గురిపెట్టిన గునపం అవుతుంది. కంపెనీ షాఫ్టులోనూ వెల్డింగ్ ఉంటుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంటుంది. అయితే అది ఏ ఉక్కో తెలిసి, శుభ్రమైన లోహం మీద, యోకుల వరస తప్పకుండా పట్టే చట్రంలో పెట్టి, పరీక్షించి పంపిన వెల్డింగు. తుప్పు తిన్నాక ఎంత మందం మిగిలిందో తెలియని కడ్డీ మీద కంటి అంచనాతో వేసిన అతుకును దానితో పోల్చలేం.

అసలైన అభ్యంతరం డబ్బు దగ్గర వస్తుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పికప్ ఓనర్లలో చాలామంది తామే డ్రైవర్లు. నెల నెలా కిస్తీ, ఇన్సూరెన్సు, డీజిలు, టైర్లు పోగా మిగిలేది తక్కువ. అలాంటివాడికి నడుస్తున్న బండిలో పార్టు మార్చమనడం కోపం తెప్పిస్తుంది. అయితే లెక్క ఇలా చూడాలి: సాధారణంగా పికప్‌కు కొత్త మధ్య షాఫ్టు ధర ఒక జత ముందు టైర్ల ధర కంటే తక్కువ. టైరు అరిగితే మార్చక తప్పదని ఓనరు ఒప్పుకుంటాడు. అరుగుదల కంటికి కనపడుతుంది, ఎఫ్‌సీలో అడుగుతారు కాబట్టి. షాఫ్టు కనపడదు, ఎవరూ అడగరు, కాబట్టి ఖరీదుగా తోస్తుంది. పైగా పనికి అసలు ఖర్చు పార్టుది కాదు, పట్టేసినదాన్ని విప్పే కూలిది, ఆ రోజు పోయిన కిరాయిది. తుప్పు మొదలైన దశలో విప్పితే ఆ రెండూ తగ్గుతాయి. ముందే చూడాలనడంలో ఓనరు జేబుకే లాభం ఉంది.

ఇక ఆటోనగర్ వాదన. దశాబ్దాలుగా లారీ బాడీలు కట్టి, దేశం నలుమూలల నుంచి వచ్చిన బండ్లను నిలబెట్టిన చేతులు విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఉన్నాయి. పనికిరాదని పారేసినదాన్ని పనికి తేవడం అక్కడి విద్య. దేన్నైనా పారేసి కొత్తది కొనమనే ఈ కాలంలో ఆ విద్యకు గౌరవం ఉండాలి. కాబట్టి మా అతుకులు ఇరవై ఏళ్లుగా నడుస్తున్నాయి, ఎక్కడ విరిగాయో చూపించండి అని అక్కడివారు అడిగితే అది అహంకారం కాదు. దానికి జవాబు రెండు భాగాలు. విరిగిన అతుకు మెకానిక్కు దగ్గరకు తిరిగి రాదు. అది పోలీస్ స్టేషను ఆవరణలో తుక్కుగా పడి ఉంటుంది, కాబట్టి విరగలేదన్న అనుభవం సగం అనుభవమే. రెండోది, మరమ్మతు విద్య అంటే అన్నింటినీ అతకడం కాదు, దేన్ని అతకకూడదో తెలియడం కూడా. ఛాసిస్ బ్రాకెట్టు, బాడీ అడ్డం, కమాను హ్యాంగరు అతకవచ్చు. డ్రైవరు ప్రాణం ఒకే దాని మీద వేలాడే చోట అతకకూడదు. పాత సామాను కొట్లలో దొరికే షాఫ్టు వాడటం కూడా తప్పేమీ కాదు, అది మునిగిన బండిది కానప్పుడు, జారే భాగం చేతితో లాగితే సాఫీగా వచ్చినప్పుడు, రెండు క్రాసులూ అన్ని వైపులా మెత్తగా వంగినప్పుడు. ఈ పరీక్షను ఆటోనగర్ మెకానిక్కు కంటే బాగా చెయ్యగలవాడు లేడు. పని పోతుందని భయపడక్కర్లేదు. చూడాల్సిన బండ్లు పెరిగితే పని పెరుగుతుంది.

మరో అభ్యంతరం గణాంకాలది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. ఆ మరణాల్లో దాదాపు 71 శాతానికి కారణం అతివేగం అని రాశారు. డ్రైవర్ల వేగం తగ్గించకుండా కడ్డీల వెంట పడటమేమిటని అడగవచ్చు. వేగం తగ్గించాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ ఆ కారణాల గడి ఎలా నిండుతుందో కూడా చూడాలి. ప్రమాదం తర్వాత బండిని మోటారు వాహనాల ఇనస్పెక్టరు చూసి, యంత్ర లోపం ఉందో లేదో నివేదిక ఇస్తాడు. ముందు భాగం నుజ్జయిన బండిలో విరిగిన షాఫ్టు దెబ్బకు విరిగిందా, విరిగినందువల్లే దెబ్బ తగిలిందా అన్నది తేలాలంటే విరిగిన ముఖాన్ని ల్యాబులో చూడాలి. పాత పగులు తుప్పుతో నల్లగా, కొత్త విరుపు మెరుస్తూ ఉంటుంది. అంత పరిశీలన మామూలు కేసుల్లో జరగదు, యంత్ర లోపం లేదన్న వాక్యం పడి ఫైలు ముందుకు వెళుతుంది. కాబట్టి లెక్కల్లో ఈ లోపం తక్కువగా కనపడటం అది తక్కువని రుజువు చెయ్యదు. డెల్టా రోడ్ల తీరు కూడా కలుపుకోవాలి. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ, వాటి పిల్ల కాలవలు, వాటి పక్కనే రోడ్లు. చాలా చోట్ల మధ్యలో గోడ లేదు. హైవే మీద స్టీరింగ్ పోయిన బండి డివైడరునో పొలాన్నో తాకుతుంది, ఇక్కడ నీళ్లలోకి దిగుతుంది.

ప్రపంచంలో ఇతర చోట్ల ఈ భాగాన్ని ఎలా చూశారో రెండు ఉదాహరణలు చాలు. 2013 సెప్టెంబరులో ఫోర్డ్ కంపెనీ 2005 నుంచి 2011 దాకా తయారైన క్రౌన్ విక్టోరియా తదితర కార్లను ఉత్తర అమెరికాలో సుమారు 3.7 లక్షలు వెనక్కి పిలిపించింది. కారణం కింది మధ్య షాఫ్టు తుప్పు పట్టి స్టీరింగ్ పట్టు తప్పే ప్రమాదం. మన పనికొచ్చే విషయం ఏమిటంటే ఆ పిలుపు దేశమంతటికీ కాదు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల బండ్లకే. ఉప్పు ఉన్న చోట ఒక నియమం, లేని చోట ఇంకొకటి పెట్టడం వివక్ష కాదని, ఇంజనీరింగ్ అని అక్కడ ఒప్పుకున్నారు. అంతకు ముందు ఏడాది, 2012 నవంబరులో, టొయోటా ప్రపంచవ్యాప్తంగా 27.7 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. స్టీరింగ్ మధ్య షాఫ్టు పళ్లకు గట్టిదనం చాలక, నెమ్మదిగా వెళుతూ చక్రాన్ని చివరిదాకా బలంగా తిప్పినప్పుడు అవి అరిగి వదులయ్యే అవకాశం ఉండటమే కారణం. లోడుతో ఉన్న పికప్‌ను చెరువు గట్టు మీద రివర్సు చేసి తిప్పడమంటే సరిగ్గా అదే పని, అదీ బురదలో, పల్చబడిన పళ్లతో. మన చట్టంలోనూ 2019 సవరణతో రీకాల్ వచ్చింది. దాని నిబంధనలు 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి. అయితే అవి వర్తించేది ఏడేళ్లలోపు బండ్లకు. తుప్పు తన పని పూర్తి చేసేది సాధారణంగా ఆ తర్వాతే. అందుకే కంపెనీల మీదే భారం వేసి కూర్చోలేం.

ఇంకో నియమం అంటే ఇంకో మామూలు అని జనం అనుకోవడంలో అన్యాయం లేదు. ఎఫ్‌సీ దగ్గర బ్రోకరు లేకుండా పని జరగదన్న అనుభవం చాలామందిది. అందుకే కొత్త తనిఖీ అధికారి ఇష్టానికి చోటివ్వని రీతిలో ఉండాలి. కేంద్రం 2021 సెప్టెంబరులో యంత్రాలతో పరీక్షించే కేంద్రాలకు నిబంధనలు తెచ్చింది. వాటిని తప్పనిసరి చేసే గడువులు పలుమార్లు వాయిదా పడ్డాయి. ఆ కేంద్రాలు వచ్చినా బ్రేకు, పొగ, చక్రాల పక్కజారుడు కొలిచే యంత్రానికి బూటు చాటున ఉన్న తుప్పు కనపడదు. దానికి మనిషి కన్నే కావాలి. ఆ మనిషి చూసినదానికి రుజువు ఉండాలి. ముందు చక్రాలు పైకెత్తి స్టీరింగ్‌ను ఒక చివరి నుంచి ఇంకో చివరికి నెమ్మదిగా తిప్పి బిగుతు చూడటం, బూటు పైకి తీసి కింది క్రాసు, జారే భాగం, బిగింపు బోల్టు కనపడేలా బండి నంబరుతో ఫోటో తీసి వాహన్ రికార్డుకు జతచెయ్యడం, ఇదంతా కొద్ది నిమిషాల పని. షాఫ్టు మీద చేతి వెల్డింగ్ కనపడితే ఫెయిలు, అందులో మినహాయింపు ఉండకూడదు. తుప్పు మాత్రమే ఉంటే జరిమానా లేకుండా మార్చుకోవడానికి గడువివ్వాలి. ఫోటో ఉన్నప్పుడు లంచం ఇచ్చి పాసైనవాడు, తీసుకుని పాస్ చేసినవాడు ఇద్దరూ ప్రమాదం తర్వాత దొరికిపోతారు. అదే విధంగా వరదలో మునిగి ఇన్సూరెన్సు క్లెయిము పొందిన బండికి రికార్డులో గుర్తు ఉంటే, దాన్ని కొనేవాడికీ, తనిఖీ చేసేవాడికీ ఎక్కడ చూడాలో తెలుస్తుంది. కంపెనీలు తమ వంతుగా కోస్తా డీలర్ల దగ్గర షాఫ్టులు నిల్వ ఉంచి, ఉచిత సర్వీసు శిబిరాల్లో ఈ ఒక్క భాగాన్ని చూపించినా చాలు.

రాష్ట్రమంతా ఒకేసారి చెయ్యమని ఎవరూ అడగడం లేదు. కృష్ణా, బాపట్ల జిల్లాల తీరంలో, కొల్లేటి చుట్టూ, విజయవాడ వరద ప్రాంతంలో తిరిగే ఐదేళ్లు దాటిన సరుకు బండ్లతో మొదలుపెడితే ఒక ఎఫ్‌సీ కాలంలోనే తుప్పు ఎంత వ్యాపించిందో తెలుస్తుంది. ఇంతవరకూ ఎవరి దగ్గరా లేని లెక్క అప్పుడు చేతికొస్తుంది, మిగతా జిల్లాల సంగతి దాన్ని బట్టి తేల్చుకోవచ్చు. తుప్పు అనుకున్నంత లేదని తేలితే తనిఖీని తగ్గించవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. దీనికి అసెంబ్లీలో బిల్లు అక్కర్లేదు, ఢిల్లీ సవరణ కోసం ఎదురు చూడక్కర్లేదు. 98వ నిబంధన 30 డిగ్రీల దగ్గర మొదలుకాదు. స్టీరింగ్ మంచి స్థితిలో, పటిష్ఠంగా ఉండాలన్నది అందులో మొదటి షరతు, ఆట కొలత ఆ తర్వాతది. పట్టేసిన క్రాసు, అతుకు వేసిన షాఫ్టు ఆ మొదటి షరతును ఎలా తీర్చగలవో ఎవరూ చెప్పలేరు. కొలవడం సులువని ఇన్నాళ్లూ రెండోదాన్నే పట్టుకున్నాం. మొదటిదాన్ని అమలు చెయ్యమని రవాణా కమిషనరు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు, వచ్చే వానాకాలంలోపే తనిఖీలు మొదలుపెట్టవచ్చు.